మైనస్ యాభై రెండు రోజుల డాక్టరేటు

ఫిబ్రవరి మూడో తేదీ, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలు. పాలేటిగట్టు విశ్వవిద్యాలయం పరిశోధన విభాగం కౌంటరు ముందు పమిడి శేషారత్నం నిలబడి ఉంది. ఆమె చేతిలో పీహెచ్‌డీ దరఖాస్తు ఉంది.

కౌంటరు లోపల సూపరింటెండెంటు సుబ్బరాయుడు ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. దరఖాస్తును విప్పి చూడాల్సిన అవసరం ఆయనకు లేదు. అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందకీ ఊపి, ఏ కాగితం తక్కువైందో చెప్పగలడు. శేషారత్నం దరఖాస్తును కూడా అలాగే ఊపాడు.

"ఒకటి తగ్గిందమ్మాయ్."

"ఏదండీ? పదో తరగతి మెమో ఉంది. కులం సర్టిఫికెట్టు ఉంది. ఎమ్మెస్సీ మార్కులున్నాయి. టీసీ, ఫోటోలు..."

"థీసిస్ లేదు."

శేషారత్నం నవ్వింది. ప్రభుత్వ కార్యాలయాల్లో హాస్యం అరుదు కాబట్టి ప్రోత్సహించాలని ఆమె అభిప్రాయం. సుబ్బరాయుడు నవ్వలేదు. ఆయన హాస్యమాడలేదు.

"సీటు వస్తే కదండీ పరిశోధన? పరిశోధన చేస్తే కదా థీసిస్?"

"అది పాత పద్ధతి. అందులో ఆలస్యమైపోతంది." అద్దం వెనక అంటించిన కాగితం వైపు పెన్ను చూపించాడు. "చదువుకో."

సర్క్యులర్ నంబరు పదకొండు. "పరిశోధనలో ప్రవేశము కోరు అభ్యర్థులు, సదరు పరిశోధనను సంతృప్తికరముగా ముగించినట్లు రుజువుగా, సిద్ధాంత గ్రంథము ఐదు ప్రతులను దరఖాస్తునకు జతపరచవలెను. జతపరచని యెడల అట్టివారిని పరిశోధనయందు ఆసక్తి లేనివారిగా పరిగణించి, దరఖాస్తును తిరస్కరించడమగును." కింద వైస్ చాన్సలర్ ఆచార్య గరుడాద్రి సంతకం.

శేషారత్నం రెండుసార్లు చదివింది. రెండోసారి కూడా అదే ఉంది.

"గడువు ఎప్పటిదాకా అండీ?"

"మార్చి పదిహేను. చాలా టైముందిలే," అన్నాడు సుబ్బరాయుడు ధైర్యం చెబుతూ.

*

ఈ సర్క్యులర్ వెనక ఒక దుఃఖం ఉంది.

అంతకు ముందు సంవత్సరం హైదరాబాదు నుంచి ర్యాంకుల కమిటీ వచ్చింది. పాలేటిగట్టులో ఒక మనిషి పీహెచ్‌డీలో చేరిన రోజుకీ, పట్టా పుచ్చుకున్న రోజుకీ మధ్య సగటున తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు గడుస్తున్నాయని లెక్క తేల్చింది. నూట ఎనభై ఏడో ర్యాంకు ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆచార్య గరుడాద్రి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు సమావేశం పెట్టి, "కాలం ఎక్కడ వృథా అవుతోంది?" అని అడిగారు. లైబ్రరీలో అన్నారు కొందరు. గైడ్ల ఇళ్ళ దగ్గర కూరగాయలు తేవడంలో అన్నారు మరికొందరు. వీసీ గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"గడియారం ఎప్పుడు మొదలవుతోంది? ప్రవేశం ఇచ్చిన రోజున. అంటే ఆలస్యానికి మూలకారణం ప్రవేశమే. పరిశోధన అంతా అయిపోయాక ప్రవేశం ఇస్తే? ఉదయం ప్రవేశం, సాయంత్రం పట్టా. సగటు సున్నా రోజులు!"

హాలంతా చప్పట్లు మోగాయి. ఆ హాల్లో చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన వెనక వరసలో నిద్రపోతున్నాడు. ఆయనే ఆచార్య భూషయ్య. విశ్వవిద్యాలయంలో బూజు గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి.

*

"నువ్వు కంగారుపడకు," అన్నారు భూషయ్య శేషారత్నంతో. "కంగారుపడే పని నేను చేస్తాను."

సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో ఆయన గది చిన్నది. పక్కనే ప్రయోగశాల ఉంది. దానికి తాళం వేసి ఉంది. అడ్మిషన్ నంబరు ఉన్న స్కాలరుకు తప్ప ఆ తాళం చెవి ఇవ్వకూడదని నిబంధన. స్కాలర్ లేకుండా ప్రొఫెసరు ఒక్కడే లోపలికి వెళ్ళకూడదని ఇంకో నిబంధన.

"మాస్టారూ, నా ప్రయోగం మీకు తెలుసు కదా. పదిమంది ఆడవాళ్ళ చేతులు, చేతికి నాలుగు జాడీలు. ఒకే చెట్టు కాయ, ఒకే ఉప్పు, ఒకే కారం, ఒకే నూనె. సగం జాడీలు చేత్తో కలపాలి, సగం గరిటెతో. ఏడాది ఊరాలి. ఎవరి జాడీకి బూజు పట్టిందో, ఆ బూజు ఎవరి చేతిలోంచి వచ్చిందో చూడాలి. అట్టా మూడు వేసవులు. నలభై రోజుల్లో ఎట్టా రాస్తాను?"

"హస్తవాసి అనేది ఉందా లేదా. అంతేగా?"

"అంతే."

భూషయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పయ్యేళ్ళుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను. నన్నెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. కానీ ఒక చిక్కుంది రత్నం. మూడేళ్ళ నాలుగు నెలల్లో నేను రిటైరవుతున్నాను. రిటైర్మెంటుకు మూడేళ్ళ లోపు ఉన్నవాడు కొత్త స్కాలరును తీసుకోకూడదు. అంటే మే ముప్పై ఒకటి లోపల నువ్వు చేరాలి. జూన్ ఒకటిన వస్తే నీకు కాఫీ ఇవ్వగలను, సీటు ఇవ్వలేను."

"మే దాటితే ఆవకాయ కాయ కూడా ఉండదు మాస్టారూ. పండుబారిపోద్ది."

"చూశావా? మామిడికాయదీ నాదీ ఒకటే గడువు."

భూషయ్య గొంతు తగ్గించి అన్నారు: "పైన అడిగేది థీసిస్ మాత్రమే. అందులో ఏముండాలో సర్క్యులర్‌లో లేదు. నాలుగుసార్లు చదివాను."

*

రైలుగేటు వీధిలో శేషారత్నం ఇల్లు. ఇంట్లో ఆమె, ఆమె తల్లి సీతాయమ్మ. పగలు జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు మీద వృక్షశాస్త్రం చెప్పడం, సాయంత్రం థీసిస్ రాయడం. ఫిబ్రవరి అలా గడిచింది.

సీతాయమ్మ చేయి మంచిది కాదు. ఇది రైలుగేటు వీధిలో అందరికీ తెలిసిన విషయం. పెళ్ళయిన కొత్తలో ఆమె కలిపిన ఆవకాయ రెండు నెలలకే తెల్లగా బూజు పట్టింది. మరుసటి ఏడు కూడా పట్టింది. మూడో ఏడు అత్తగారు జాడీని గదిలో పెట్టి గొళ్ళెం వేసి, "నీది పాడుచెయ్యి. ముట్టుకున్నావంటే ఊరుకోను" అని తీర్మానించింది. అది ముప్పయ్యేళ్ళ కిందటి మాట. అత్తగారు పోయి పదేళ్ళయింది. తీర్మానం మాత్రం పోలేదు. వీధిలో ఎవరింట్లో ఆవకాయ పెడుతున్నా సీతాయమ్మను కూర్చోబెట్టి ఎల్లిపాయలు ఒలిపిస్తారు. కలపడానికి పిలవరు. ఆమె కూడా ముందుకు వెళ్ళదు. తన ఇంటి పచ్చడి కూడా పక్కింటావిడ చేత కలిపించుకుంటుంది.

"అయిందా రాయటం?" అడిగింది సీతాయమ్మ మార్చి పన్నెండో తేదీన.

"అయిందమ్మా. రెండు వందల పన్నెండు పేజీలు."

"అయితే నా చెయ్యి సంగతి ఏం తేలింది?"

"అది రాసే చోట ఖాళీ వదిలాను."

సీతాయమ్మ పేజీలు తిప్పింది. పరిచయం ఉంది. పద్ధతి ఉంది. జాడీల కొలతలున్నాయి. ఆ తరువాత గీతలు గీసిన పట్టికలు నలభై ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు. చివరి అధ్యాయం పేరు 'ఫలితాలు'. దాని కింద తెల్ల కాగితం.

"ఇట్టా ఇస్తే ఊరుకుంటారటే?"

"అబద్ధం రాయలేనుగా అమ్మా. పాసైతే సరే, లేకపోతే లేదు."

*

సుబ్బరాయుడు ఐదు ప్రతుల్నీ అరచేతిలో ఊపి చూశాడు.

"బరువు సరిపోయింది," అని ముద్ర కొట్టాడు.

ఐదు ప్రతులూ ఐదుగురు పరీక్షకుల దగ్గరికి వెళ్ళాయి. పది రోజుల్లో ఐదు నివేదికలు తిరిగొచ్చాయి. "అభ్యర్థిని ఫలితాలను ఎక్కడా అతిశయోక్తి లేకుండా సమర్పించారు" అని ఒకరు రాశారు. "పట్టికలు స్పష్టంగా, అనవసర భారం లేకుండా ఉన్నాయి" అన్నారు ఇంకొకరు. మూడో ఆయన "ముగింపు ఆలోచింపజేస్తుంది" అన్నారు. మిగిలిన ఇద్దరూ ఒకే వాక్యం రాశారు: "ప్రశస్తముగా నున్నది."

శేషారత్నంతో పాటు మరో అరవై మంది కూడా గడువులోపల థీసిస్‌లు తెచ్చారు. పాలేటిగట్టులో పరిశోధన ఇంత వేగంగా ఎన్నడూ జరగలేదు. ఏప్రిల్ ఆరో తేదీ ఉదయం అరవై ఒక్కమందికి ప్రవేశం, సాయంత్రం స్నాతకోత్సవం అని ప్రకటన వేశారు.

ఏప్రిల్ నాలుగో తేదీ మధ్యాహ్నం రెండున్నరకు వీసీ గారికి ఒక ఫోను వచ్చింది. పక్క జిల్లా విశ్వవిద్యాలయం కూడా సున్నా రోజుల పద్ధతి పెట్టిందట.

మూడు గంటలకు అత్యవసర సమావేశం. ఆచార్య గరుడాద్రి నల్లబల్ల దగ్గరికి నడిచి వెళ్ళి పెద్ద సున్నా చుట్టారు. దాని కింద బాణం గీశారు.

"మిత్రులారా! సున్నా చివరి అంకె అని అందరూ అనుకుంటున్నారు. సున్నాకు కింద కూడా అంకెలున్నాయి. ముందు ప్రవేశం, తరువాత పట్టా అనేది బ్రిటిషువాడు నేర్పిన బానిస ఆలోచన. మనం ముందు పట్టా ఇస్తాం. ప్రవేశం తరువాత ఇస్తాం. అప్పుడు సగటు మైనస్‌లోకి వెళుతుంది. మైనస్ ఉన్న విశ్వవిద్యాలయం ఈ దేశంలో ఇంకొకటి చూపించండి!"

ఎవరూ చూపించలేకపోయారు. ఆరో తేదీ ఉదయం జరగాల్సిన ప్రవేశం రద్దయింది. సాయంత్రం స్నాతకోత్సవం మాత్రం యథావిధిగా ఉంటుందని మైకులో ప్రకటించారు.

*

"నాకు పట్టా వద్దండీ, ప్రయోగశాల తాళం కావాలి," అంది శేషారత్నం కౌంటరు దగ్గర.

"పట్టా పుచ్చుకుంటేనే అడ్మిషన్ ఫైలు కదిలేది," అన్నాడు సుబ్బరాయుడు. "ఇప్పుడు ఇదే రూలు. వెళ్ళమ్మాయ్, గౌను వేసుకో. ఎర్రదైతే నీకు పొట్టి అవుద్ది, నీలంది తీసుకో."

ఆమె నీలం గౌను వేసుకుని వేదిక ఎక్కింది, పట్టా తీసుకుని దిగింది. ఇంటికి వచ్చేసరికి సీతాయమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. వీధిలో నలుగురు ఆడవాళ్ళు కూడా చేరారు.

"డాక్టరువి అయినట్టేనా?"

"అయ్యానమ్మా."

"అయితే నా చెయ్యి మంచిదా, చెడ్డదా?"

"ఇంకా తెలియదు."

సీతాయమ్మ పట్టాను అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి దేనికి డాక్టరువి?"

ఆ ప్రశ్న ఆ సాయంత్రం మిగతా అరవై మంది ఇళ్ళలో ఎవరూ అడగలేదు. అక్కడ మిఠాయిలు పంచుతున్నారు.

*

ఏప్రిల్ ఇరవై దాటినా అడ్మిషన్ ఫైలు కదల్లేదు. మే రెండో తేదీన శేషారత్నం నేరుగా వీసీ గారి గదికి వెళ్ళింది. ఆయన ఆప్యాయంగా కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించారు.

"సార్, నా ప్రవేశం ఎప్పుడిస్తారు?"

"డాక్టర్ శేషారత్నం గారూ, మీరు విజ్ఞులు. ఇవాళ మీకు ప్రవేశం ఇస్తే సగటు ఎంత? మైనస్ ఇరవై ఆరు రోజులు. ఇదేం అంకె? రేపు ఇస్తే ఇరవై ఏడు. తొందరగా ఇచ్చే కొద్దీ విలువ తగ్గుతుంది, ఆపే కొద్దీ పెరుగుతుంది. మీ ప్రవేశాన్ని ఇరవై ఏళ్ళు వాయిదా వేయగలిగితే మైనస్ ఇరవై ఏళ్ళు! ప్రపంచ పటంలో పాలేటిగట్టు!"

"అప్పటికి భూషయ్య మాస్టారు రిటైరవుతారు సార్. ఈ నెలాఖరు దాటితే ఆయన నన్ను తీసుకోవటానికి వీల్లేదు."

"అది వారి వ్యక్తిగత విషయం."

"మామిడికాయలు కూడా ముదిరిపోతాయి సార్."

"మామిడికాయలు విశ్వవిద్యాలయ పరిధిలోకి రావు." వీసీ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "నిరీక్షణ కూడా పరిశోధనే డాక్టర్ గారూ. మజ్జిగ తాగి వెళ్ళండి."

ఆమె తాగలేదు. మెట్లు దిగుతూ లెక్క వేసుకుంది. ఇరవై తొమ్మిది రోజులున్నాయి.

*

ఇరవై తొమ్మిది ఇరవై అయింది. ఇరవై పది అయింది. బజారులో కాయ రంగు మారడం మొదలుపెట్టింది. భూషయ్య తనకు తెలిసిన తోటవాడితో చెప్పి ఒక చెట్టు కాయ దింపకుండా ఆపించారు. "మే ఇరవై ఎనిమిది దాకా ఆపగలను సార్. ఆ పైన కాయ నా మాట వినదు," అన్నాడు తోటవాడు.

మే ఇరవై ఐదో తేదీన హైదరాబాదు నుంచి ఈమెయిల్ వచ్చింది. ర్యాంకుల కమిటీ ఇరవై ఎనిమిదిన వస్తోంది.

వీసీ గారు చిరునవ్వుతో కంప్యూటరు గదికి వెళ్ళారు. అంకెలన్నీ ఎక్కించి ఉంచారు. ఆపరేటరు మీట నొక్కాడు.

"మైనస్ ఎంత?"

"మైనస్ లేదండీ."

"ప్లస్సా?" వీసీ గారి మొహం తెల్లబోయింది.

"ప్లస్సూ లేదండీ. 'ఈ సంవత్సరం ప్రవేశం పొందినవారు లేరు. సగటు లెక్కించుటకు వీలుపడదు' అంటంది."

"అరవై ఒక్క డాక్టరేట్లు ఇచ్చాం కదయ్యా!"

"ఇచ్చాం సార్," అన్నాడు పక్కనే ఉన్న సుబ్బరాయుడు. "కానీ ఒక్కరినీ చేర్చుకోలేదు గదా. చేరనోళ్ళు దాని లెక్కలోకి రారంట."

లెక్కించడానికి వీలుపడని విశ్వవిద్యాలయానికి ర్యాంకు ఉండదు. నూట ఎనభై ఏడు కూడా ఉండదు.

"అందరినీ పిలవండి," అన్నారు వీసీ గారు. "ఇవాళే చేర్చుకుందాం. మైనస్ నలభై తొమ్మిదైనా ఫర్వాలేదు."

సుబ్బరాయుడు మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన సీటు కావాలని ప్రాధేయపడేవారిని చూశాడు కానీ, సీటు పుచ్చుకోమని తాను ప్రాధేయపడడం ఇదే మొదలు.

"గేటు మీద డాక్టర్ అని రాతి పలక పెట్టించానండీ," అన్నాడొకడు. "దాని కింద ఇప్పుడు స్టూడెంట్ అని చెక్కించమంటారా?"

"డిగ్రీ వచ్చాక సీటెందుకు సార్? పెళ్ళయ్యాక పెళ్ళిచూపులకు రమ్మంటున్నారే?" అని నవ్వాడు ఇంకొకడు.

మూడోవాడు తాను పక్క జిల్లా విశ్వవిద్యాలయంలో గైడుగా చేరానని, తన కింద పన్నెండు మంది ఉన్నారని, వాళ్ళందరూ అప్పుడే పూర్తిచేశారని చెప్పాడు. ఇరవై ఏడో తేదీ సాయంత్రానికి అరవై మందీ అయిపోయారు.

"ఒక్కరు కూడా లేరా? చదవాలనే కోరిక ఉన్న మనిషే లేడా ఈ విశ్వవిద్యాలయంలో?" అన్నారు వీసీ గారు. గొంతులో నిజమైన బాధ ఉంది.

"ఒకావిడ ఉంది సార్," అన్నాడు సుబ్బరాయుడు. "మీరు మజ్జిగ ఇచ్చి పంపించారే, ఆవిడ. ఫోనెత్తటం లేదు."

*

ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం ఏడు గంటలకు రైలుగేటు వీధిలో విశ్వవిద్యాలయం కారు ఆగింది. ముందు సుబ్బరాయుడు దిగాడు. వెనక డోరు తీసుకుని వీసీ గారే దిగారు. సీతాయమ్మ వాకిట్లో ఎల్లిపాయలు ఒలుస్తోంది. పక్కింటివాళ్ళవి.

"ఎవరు కావాలండీ?"

"డాక్టర్ గారున్నారా తల్లీ?" అడిగారు వీసీ గారు.

"జొరమా? ఆ సందు చివర ఉన్నాడు డాక్టరు. మా అమ్మాయి ఆ డాక్టరు కాదు. ఏ డాక్టరో దానికీ తెలియదు."

శేషారత్నం బయటికి వచ్చింది. వీసీ గారు రెండు చేతులూ చాచారు.

"శుభవార్త! మీ ప్రవేశం మంజూరైంది. ఇవాళే చేరాలి. పదకొండింటికి కమిటీ వస్తోంది."

"వాయిదా వేస్తే విలువ పెరుగుద్దన్నారుగా సార్?"

"సత్యం కాలానుగుణంగా మారుతుందమ్మా."

శేషారత్నానికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమె రెండింటినీ ఆపుకుంది. ఇవాళ సాయంత్రం దాటితే తోటలో కాయ లేదు. మూడు రోజులు దాటితే మాస్టారు లేరు. వీసీ గారికి నాలుగు గంటల సమయముంది. తనకంటే ఆయనకే తొందరెక్కువ.

"చేరతాను సార్. ముందు తాళం చెవి ఇప్పించండి."

"ఇచ్చాం."

"భూషయ్య మాస్టారే గైడు."

"సంతోషం."

"ప్రయోగశాల వరండాలో నలభై జాడీలు పెట్టుకుంటాను. మూడేళ్ళు ఎవరూ కదిలించకూడదు. ఫలితం ఏమైందని ఎవరూ అడగకూడదు. జాడీ ఊరేదాకా నాకూ తెలియదు."

"మూడేళ్ళా?" వీసీ గారు తడబడ్డారు. "కానీ మీరు ఫలితాలు ఎప్పుడో సమర్పించారు కదా? గ్రంథం ఆమోదించాం కదా?"

"అందులో ఫలితాలు లేవు సార్. నలభై పట్టికలూ ఖాళీ. ఇప్పుడు నింపుతాను."

వీసీ గారు సుబ్బరాయుడి వైపు చూశారు. సుబ్బరాయుడు ఎల్లిపాయల వైపు చూశాడు.

"ఐదుగురు చదివి సంతకాలు పెట్టారు సార్," అన్నాడు చివరికి. "ప్రశస్తంగా ఉందని."

ఆచార్య గరుడాద్రి ఊరికే వైస్ చాన్సలర్ కాలేదు. ఆయనకు అర నిమిషమే పట్టింది. "అయితే ఆ ఖాళీలు కూడా ప్రశస్తమైనవే. వాటిని అలాగే నింపండి," అని కాగితం మీద సంతకం చేశారు. డాక్టరేటు ఉన్నవారు మళ్ళీ డాక్టరేటులో చేరరాదనే రూలు ఒకటుందని సుబ్బరాయుడు గుర్తుచేయబోయాడు. వీసీ గారు ఆయన చేతిలోని పెన్ను లాక్కున్నారు.

"అమ్మా, నువ్వు కూడా రా," అంది శేషారత్నం.

"నేనెందుకే? ఒలవటానికా?"

"కాదు. కలపటానికి."

సీతాయమ్మ ఎల్లిపాయల చేట పక్కన పెట్టింది. "నలుగురిలో నా చేత కలిపిస్తావా? నీకేమన్నా పిచ్చా? పాడైపోద్దే!"

"పాడైతే పాడవనీ. ఎందుకు పాడైందో చూద్దాం."

*

పదకొండున్నరకు కమిటీ ప్రయోగశాల వరండాలోకి అడుగుపెట్టింది. చైర్మన్ వరాహమూర్తి గారు ముందు నడుస్తున్నారు. చేతిలో ఫారం ఉంది. అప్పటిదాకా ఆయన తొమ్మిది విభాగాలు చూశారు. అన్నీ శుభ్రంగా, నిశ్శబ్దంగా, ఎవరూ లేకుండా ఉన్నాయి. అన్నిటికీ పూర్తి మార్కులు వేశారు.

ఇక్కడ వరండా నిండా మనుషులున్నారు. పదిమంది ఆడవాళ్ళు కొంగులు బిగించి వరసగా కూర్చున్నారు. తోటవాడు తట్టలు దించుతున్నాడు. కత్తిపీటల చప్పుడు. ఆవపిండి ఘాటుకు కమిటీలో ఇద్దరు సభ్యులు తుమ్మారు. భూషయ్య ఒక్కొక్కరి అరచేతినీ దూది పుల్లతో రుద్ది, గాజు పళ్ళేల మీద రాసి, పేర్లు అంటిస్తున్నారు. ముప్పయ్యేళ్ళు చిన్నవాడైపోయినట్టు గెంతుతున్నారు.

"ఏమిటిది?" అన్నారు వరాహమూర్తి.

"పరిశోధన, సార్," అన్నారు వీసీ గారు. "పట్టా ఏప్రిల్ ఆరున. ప్రవేశం ఇవాళ. సగటు మైనస్ యాభై రెండు రోజులు."

"అద్భుతం!" చైర్మన్ అంకె వేసుకున్నారు. ఆ తరువాత శేషారత్నం వైపు తిరిగారు. "ఏం కనిపెట్టారమ్మా?"

"ఇంకా తెలియదండీ."

వరండాలో కత్తిపీటలు ఆగాయి. వీసీ గారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఆ ప్రాంగణంలో చాలా ఏళ్ళుగా ఎవరూ ఆ మాట అనలేదు.

"తెలియదా?" వరాహమూర్తి ఫారం తిరగేశారు. 'తెలిసినది' అనే గడి ఉంది. 'బాగా తెలిసినది' అనే గడి ఉంది. మూడోది లేదు. "ఉజ్జాయింపుగా చెప్పండి. రాసుకుంటాను."

"జాడీ ఊరాలండీ. ఏడాది పడుద్ది."

"ఇంకో రెండు నెలల్లో తేల్చలేరా? మేం లేఖ ఇస్తాం."

"ఎవరికండీ? జాడీకా?"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. చైర్మన్ కళ్ళజోడు సర్దుకుని, ఫారం అడుగున 'లోపములు' అన్న చోట గుండ్రటి అక్షరాలతో రాశారు: "అన్ని విభాగములును సంపూర్ణముగా నుండగా, ఒక్కచోట పరిశోధన జరుగుచున్నట్లు గమనించడమైనది. సరిదిద్దుకొనవలెను." సరిదిద్దడానికి ఒక ఉపసంఘం వేస్తామనీ, అది మూడేళ్ళలో నివేదిక ఇస్తుందనీ వీసీ గారు అక్కడికక్కడే హామీ ఇచ్చారు. ఆ వేగానికి మెచ్చి చైర్మన్ ఆయనతో కరచాలనం చేశారు. కమిటీ భోజనానికి వెళ్ళిపోయింది.

కత్తిపీటలు మళ్ళీ మొదలయ్యాయి. తొమ్మిదిమంది కలపడం అయిపోయింది. పదో బేసిను దగ్గర సీతాయమ్మ ఇంకా చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె ఆమె ముందే ఉన్నాయి.

"చెయ్యి కడుక్కోమంటారా అయ్యగారూ?" అని భూషయ్యను అడిగింది.

"వద్దమ్మా. మాకు మీ చెయ్యే కావాలి."

ఆమె కూతురి మొహంలోకి ఒకసారి చూసింది. పక్కనున్న తొమ్మిదిమంది వైపూ చూసింది. వాళ్ళు కూడా చూస్తున్నారు కానీ, ఎవరూ వద్దనలేదు. సీతాయమ్మ గాజులు వెనక్కి తోసి, చెయ్యి మణికట్టు దాకా ఎర్రటి ముక్కల్లోకి దించింది. అడుగు నుంచి పైకి తిప్పింది. నూనె వేళ్ళ సందుల్లోంచి పైకి తేలింది.

"ఎట్టా ఉందమ్మా?" అడిగింది శేషారత్నం, పుస్తకంలో తేదీ వేస్తూ.

"మండుతుందే," అని నవ్వింది సీతాయమ్మ. "మధ్యలో మాట్లాడబాక, ఇంకాస్త కలపనీ."